జపాను పుష్పపక్షి చిత్రములు

గుంటూరు సీమలో వేసవి రాగానే మిరపకాయల బస్తాలు కోల్డు స్టోరేజీలకు తరలుట మీరు చూచియుందురు. కాయ ఎరుపు వెలసినచో ధర పడిపోవును. రంగును కాపాడుకొనవలెనను ఈ ఆరాటము జపాను చిత్రములను సేకరించువారికి మరింత మిక్కుటము.

పూలను, పక్షులను కలిపి చిత్రించుటను ఆ దేశమున ఒక ప్రత్యేక శాఖగా ఎంచుదురు. దానిపేరు 'కచో'. 'క' యనగా పుష్పము, 'చో' యనగా పక్షి. హిరోషిగె (1797–1858) ఇందు సిద్ధహస్తుడు. పేరుపొందిన ఈ చిత్రములలో పెక్కు కుంచెతో వ్రాసినవి కావు. కొయ్య అచ్చులతో ముద్రించినవి. కృష్ణకు ఆవలనున్న పెడనలో కలంకారీ అద్దకమును చూచినవారికి ఈ విధానము తేలికగా బోధపడును. పెడనలో రంగు అంటిన టేకు అచ్చును బట్టపై నొక్కుదురు. జపానులో అచ్చు కదలదు. రంగు పూసిన చెర్రీ కొయ్య పలకపై కాగితము పరచి, వెదురు పొర చుట్టిన బిళ్లతో వెనుకనుండి రుద్దుదురు. గీయువాడొకడు, చెక్కువాడొకడు, ముద్రించువాడు వేరొకడు. సాధారణముగా రంగునకొక పలక. పలక అంచుననున్న గుర్తులకు కాగితమును ఆనించుటలో వెంట్రుకవాసి తప్పినను ముక్కు ఎరుపు పిట్టను విడిచిపోవును!

సేకరించువాడు మొదట ఈకల గీతలను పరీక్షించును. తొలి ప్రతులలో అవి సన్నగా, తెగక యుండును. పలక అరిగినకొలది మొద్దుబారును. పిదప చూడవలసినది రంగు. పూర్వము ఎరుపును కుసుమపూలనుండి తీసెడివారు. ఒక విధమగు నీలమును, మన చేలలో కలుపుగా మొలచు వెన్నదేవికి బంధువైన చిన్న పువ్వునుండి తీసిరి. ఆ నీలమునకు తేమయు వెలుతురును శత్రువులు. 1765 ప్రాంతమున హరునొబు వెలువరించిన చిత్రములలో నీలము పూసిన చోట్లు పెక్కింట నేడు ఎండుగడ్డి రంగునకు తిరిగినవి.

అమెరికాలో స్పాల్డింగు సోదరులు 6,000కు పైగా జపాను ముద్రిత చిత్రములను సేకరించి, 1921లో బోస్టను లలితకళా ప్రదర్శనశాలకు దానమిచ్చిరి. ఎన్నడును వాటిని ప్రదర్శనకు పెట్టరాదని షరతు విధించిరి! అందువలన రంగులు నిలిచినవి. వాటి ఛాయాచిత్రములను మాత్రము నేడు అంతర్జాలమున చూడవచ్చును. ఎవరికిని చూపని చిత్రమేల యని ఆక్షేపించువారు కలరు. నాకును మొదట అట్లే తోచెను. వెలసిన ప్రతుల ప్రక్కన ఆ ఛాయాచిత్రములను పెట్టి చూచిన పిదప, ఆ షరతును తప్పుపట్టుటకు మనసొప్పలేదు. తక్కిన ప్రదర్శనశాలలు మధ్యమార్గమున నడచుచున్నవి. మందమైన వెలుతురులో కొలది నెలలు చూపి, పిమ్మట కొన్ని యేండ్లు ఆ చిత్రములను పెట్టెలలో భద్రపరచుదురు.