ఉద్యోగము విడుచుటకు ముందు: కాయకదృష్టితో ఒక పాఠము

జీతమునకు కుదిరి పనిచేయుట ఒక కాయకము. పదిమందికి పని కల్పించుట మరియొక కాయకము. మొదటిదానియందు మన పొరపాటునకు ఫలమును చాలవరకు మనమే అనుభవింతుము. రెండవదానియందు మనలను నమ్మిన వారందరును అనుభవింతురు. ఈ భేదమును గుర్తెరుగకయే నేడు పలువురు యువకులు మంచి ఉద్యోగములు విడిచి సొంత సంస్థలు స్థాపింప ఉత్సహించుచున్నారు. ఇట్టి క్రొత్త సంస్థలనే స్టార్టప్పులనియు, అంకుర సంస్థలనియు వ్యవహరించుచున్నారు. ఆ ఉత్సాహమును నిందించుట ఈ పాఠమున కుద్దేశము కాదు. దానికొక క్రమము చూపుటయే ఉద్దేశము.

హైదరాబాదునకు పడమటనున్న తెల్లాపూరు కొన్ని దశాబ్దముల క్రిందట ఒక పల్లె. 1998 నవంబరులో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప నగరము గచ్చిబౌలి వైపునకును, అటనుండి నల్లగండ్ల మీదుగా తెల్లాపూరు వైపునకును ప్రాకినది. కంప్యూటరు సంస్థలలో పనిచేయు యువదంపతులు నేడచ్చట పలువురు నివసించుచున్నారు. వారిలో నా పూర్వవిద్యార్థి యొకడు కలడు. గడచిన వేసవిలో అతడు తండ్రితోకూడ మా యింటికి వచ్చెను.

"గురువుగారూ, మా అపార్టుమెంట్లకు వేసవి యంతయు ట్యాంకరు నీరే గతి. ఏ ట్యాంకరు ఎప్పుడు వచ్చునో, ఎంత నీరు పోయునో లెక్క యుండదు. ఫోనులోనే నీటిని తెప్పించుకొని, లెక్క చూచుకొను యాప్ ఒకటి తయారుచేసితిని. ఉద్యోగమునకు రాజీనామా ఇయ్యదలచితిని" అని అతడు చెప్పెను. తండ్రి నోరు మెదపలేదు. కొంతసేపటికి, "ఊరిలో రెండెకరముల చెలక యున్నది. తాకట్టు పెట్టుమనుచున్నాడు. ఇంటి అప్పు వాయిదాలింకను పదునాలుగేండ్లున్నవి" అని మాత్రమనెను.

"నాయనా, ట్యాంకరు నడుపువారితో ఎన్నిమారులు మాటాడితివి?" అని నేనడిగితిని.

"ఇంకను మాటాడలేదు."

"అపార్టుమెంటు సంఘపు కార్యదర్శితో?"

"ఆయన మాకు మిత్రుడే. యాప్ చాల బాగున్నదనెను."

బాగున్నదనుట వేరు, డబ్బిచ్చి కొనుట వేరు. ఆనాడు మా నడుమ జరిగిన చర్చనే ఇతర కుటుంబములకును ఉపకరించునని ఇచట నాలుగు భాగములుగా వివరించుచున్నాను.

1. అవసరమును కనుగొనుట

మన తెలుగు యువకులే నడిపిన ఒక ఉదాహరణమును చూతము. 2005 దీపావళికి ఫణీంద్ర సామ అను యువ ఇంజనీరు బెంగుళూరు నుండి ఇంటికి రాదలచి, బస్సు టికెట్టు దొరకక ఆగిపోయెను. ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా నున్నదో టికెట్లమ్ము ఏజెంటునకే సరిగా తెలియదని అతడు గ్రహించెను. పిలానీలోని బిట్స్ విద్యాసంస్థలో తనతో చదివిన సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలసి పరిష్కారమునకు పూనుకొనెను. బస్సు యజమానులకొక సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇయ్యవలెనని వారు మొదట తలంచిరి. యజమానులకు దానిపై ఆసక్తి కలుగలేదు. వారికి కావలసినది సీట్లు నిండుట, సాఫ్ట్‌వేర్ కాదు. ఈ సత్యము తెలిసిన పిమ్మట యువకులు తామే టికెట్లమ్మి పెట్టు పనిని చేపట్టిరి. 2006 ఆగస్టులో రెడ్‌బస్ అట్లు మొదలైనది. తొలి పెట్టుబడి వారి పొదుపులోని సుమారు 5 లక్షల రూపాయలు. 2013లో ఆ సంస్థను ఇబిబో గ్రూపు కొన్నది.

ఇందు గ్రహింపవలసినది చివరి అమ్మకము కాదు. తాము ప్రేమతో తయారుచేసిన వస్తువును ఎదుటివాడు వలదన్నపుడు, వాని అజ్ఞానమని కోపింపక, వాని అవసరమేమో మరల అడుగుట గ్రహింపవలసినది. కాయకమనగా మనకు నచ్చిన పని మాత్రమే కాదు, లోకమునకు అక్కరకు వచ్చు పని. కల్యాణనగరమున శరణులలో పడవ నడుపువారును, త్రాళ్లు పేనువారును, బట్టలుతుకువారును కలరు. ఆ పనులన్నియు ఒకరి అవసరమును నేరుగా తీర్చునవియే.

2. మితధనము

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మన యిండ్లలో అందరెరిగినదే. బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపుగింజలు ఏరుట మారయ్య కాయకము. ఒకనాడాయన అవసరమునకు మించి తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు, అధికముగా వచ్చినదానిని అచ్చటనే పోసి రమ్మని భర్తను మరల పంపెను. అక్కరకు మించినది ఇంటికి వచ్చినచో అది ఆశగా మారునని ఆ తల్లి యెరుగును.

అంకుర సంస్థలకును ఈ కథ వర్తించును. పెట్టుబడిదారులిచ్చు ధనము బహుమానము కాదు. దానికి బదులుగా సంస్థలో వాటా ఇయ్యవలెను. వాటాతోకూడ నిర్ణయాధికారమును కొంత చేయి జారును. ధనమెక్కువగా చేరినకొలది, వేగముగా పెరుగుమను ఒత్తిడియు పెరుగును. కావున ముందుగా చిన్న మొత్తముతో పరీక్షించి, కొనువారున్నారని రుజువైన పిదపనే బయటి ధనమును కోరుట మేలు.

ఇంటి లెక్క వేరు, సంస్థ లెక్క వేరు. ఇంటి అప్పు వాయిదా, బిడ్డల చదువు, తల్లిదండ్రుల మందులు, తిండి ఖర్చు కలిపి నెలకెంతయగునో వ్రాసికొని, చేతనున్న పొదుపును దానితో భాగింపవలెను. వచ్చిన సంఖ్యయే జీతము లేకుండ మన యిల్లు నడువగల నెలల సంఖ్య. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీగా నమోదు చేసికొన్నచో, కంపెనీ అప్పులకు సాధారణముగా వాటాదారుని సొంత ఆస్తి బాధ్యత వహింపదు. కాని స్వయముగా హామీ సంతకము చేసినను, పొలము తాకట్టు పెట్టినను ఆ రక్షణ పోవును. ఈ మాట చెప్పినంతనే తండ్రి నావైపు చూచెను. కుమారుడు తల వంచుకొనెను.

3. భాగస్వాములు, లెక్కలు, జీతములు

మిత్రులు కలసి సంస్థను ప్రారంభించునాడు ఎవరి మనస్సునందును వేరు తలంపుండదు. అందువలననే ఒప్పందమును ఆనాడే వ్రాసికొనవలెను. వాటాలను తొలినాడే పూర్తిగా పంచుకొనక, పనిచేసినకొలది సంపాదించుకొనునట్లు నియమము పెట్టుకొందురు. సాధారణముగా నాలుగేండ్ల కాలము, అందు మొదటి యేడు నిండకయే విడిచిపోవువానికి వాటా లేకుండుట వాడుక. ఇది అపనమ్మకము కాదు. స్నేహమును కాపాడు కట్టుబాటు.

లెక్కల విషయమున హైదరాబాదు నగరమే మనకొక కఠినమైన పాఠము నేర్పినది. 1987లో ఇచ్చటనే స్థాపితమైన సత్యం కంప్యూటర్స్ దేశమందలి పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలలో నొకటిగా పెరిగెను. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు బి. రామలింగరాజు, లెక్కలలో చూపిన ధనములో 5,000 కోట్ల రూపాయలకు పైగా లేనే లేదని తన లేఖలో ఒప్పుకొనెను. అంతటి అసత్యము ఒక్కనాడు పుట్టలేదు. ఏటేటికిని పెరుగుచు వచ్చినది. ఆ సంస్థలో వేలాదిమంది నిజాయితీగా పనిచేయుచుండిరి. వారి శ్రమలో లోపము లేదు. అయినను తమ జీతములు, భవిష్యత్తు ఏమగునోయని వారు భయపడవలసి వచ్చెను. నష్టము వచ్చినపుడు నష్టమని వ్రాయగల ధైర్యమే వ్యాపారమున మొదటి మూలధనము.

పనివారి జీతము యజమాని దయ కాదు, ఋణము. ఇరువదిమంది పనిచేయు సంస్థలకు ప్రావిడెంటు ఫండు చట్టము వర్తించును. సంఖ్య చిన్నదైనపుడు చట్టము అడుగకపోవచ్చును, ధర్మము అడుగును. లాభము వచ్చినపుడు పనిచేసినవారితో పంచుకొనుటయు దాసోహమే. దాసోహము పంక్తిభోజనముతో ముగియునది కాదు.

4. ఓర్పు

ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో హైదరాబాదున స్కైరూట్ అను సంస్థను స్థాపించిరి. ప్రైవేటు సంస్థలు రాకెట్లు ప్రయోగించుటకు మన దేశమున అప్పటికి మార్గమేర్పడలేదు. 2020లో ప్రభుత్వము ఆ రంగమును తెరచెను. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుండి వారి విక్రమ్-ఎస్ ఎగసెను. భారతదేశమున ప్రైవేటు సంస్థ నిర్మించి ప్రయోగించిన మొదటి రాకెట్టు అది. అయితే అది ఉపగ్రహమును కక్ష్యలో నిలుపు రాకెట్టు కాదు. సుమారు 89 కిలోమీటర్ల ఎత్తునకు పోయి సముద్రమున పడిన చిన్న రాకెట్టు. నాలుగేండ్ల శ్రమకు ఫలము ఒక చిన్న మెట్టు. పెద్ద మెట్టునకు దారి అదియే.

నేర్చుకొనగోరువారికి నేడు చోటులు కలవు. 2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణమున ప్రారంభమైన టీ-హబ్ 2022 జూన్‌లో రాయదుర్గములోని పెద్ద భవనమునకు మారినది. స్త్రీల సంస్థలకై 2018లో వీ-హబ్ ఏర్పడినది. అచ్చట అనుభవజ్ఞుల సలహా లభించును. కాని మన అవసరమును మనకై ఎవరును కనుగొని పెట్టరు.

ముగింపు

నా విద్యార్థి ఆనాడు రాజీనామా వ్రాయలేదు. ఆదివారములందు ట్యాంకరు డ్రైవర్ల ప్రక్కన కూర్చుండి తిరుగసాగెను. రెండు నెలల పిమ్మట ఒక నోటుపుస్తకముతో మరల వచ్చెను. "గురువుగారూ, వారికి నీటి బేరములకు కొదువ లేదు. గేటు వద్ద గంటలకొలది నిలుచుటయు, పోసిన నీటికి డబ్బు నెలలు గడచిన గాని రాకుండుటయు వారి బాధ. నేను తయారుచేసినది దానికి పనికిరాదు" అనెను. అతని ముఖమున నిరాశ లేదు. ఇంటి ఖర్చునకు పది నెలల ధనము కూడబెట్టిన పిదపనే ఉద్యోగము విడుచునట్లు భార్యతో కలసి నిశ్చయించుకొనెను. చెలక తాకట్టునకు పోలేదు. అతని సంస్థ నిలుచునో లేదో నేను చెప్పజాలను. అతడడుగవలసిన ప్రశ్నను అడిగెనని మాత్రము చెప్పగలను.

కుటుంబమున కలసి ఆలోచింపవలసిన ప్రశ్నలు

(అ) మనము తలపెట్టిన పని ఎవరి ఏ కష్టమును తీర్చును? వారితో మనమే స్వయముగా మాటాడితిమా?

(ఆ) జీతము లేకుండ మన యిల్లు ఎన్ని నెలలు నడువగలదు? ఆ లెక్క ఇంటిలో అందరికిని తెలియునా?

(ఇ) సంస్థ మూతపడినచో మనతోకూడ నష్టపోవువారెవరు? ఆ సంగతి వారికి ముందుగా చెప్పితిమా?