మంటకు నీళ్లేనా మందు?

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు మన దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో ఎర్రటి ఫైరింజను బస్టాండు దగ్గరకో, ఆస్పత్రి ఆవరణలోకో, మీ బడికో రావచ్చు. సిబ్బంది గొట్టాలు విప్పి ఆకాశంలోకి నీళ్లు చిమ్ముతారు. పిల్లలంతా చప్పట్లు కొడతారు. కాని మీరు కళ్లప్పగించి చూడవలసిన ఘట్టం అది కాదు. ఒక ఇనుప తొట్టెలో పెట్రోలు వంటిది పోసి మండిస్తారు. దాని మీద నీళ్లు కాక, తెల్లని నురుగు చల్లుతారు. ఫైరింజను నిండా నీళ్లుండగా నురుగెందుకు?

మంట నిలవాలంటే మూడు కావాలి: మండే పదార్థం, గాలిలోని ప్రాణవాయువు, వేడి. వీటిలో ఏ ఒక్కటి తొలగించినా మంట ఆరిపోతుంది. నీళ్లు ముఖ్యంగా తొలగించేది వేడిని. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఉన్న గ్రాము నీరు 100 డిగ్రీలకు కాగడానికి 80 కేలరీలు తీసుకుంటుంది. అది ఆవిరి కావడానికి మరో 540 కేలరీలు కావాలి. ఇంత వేడిని మింగే పదార్థం, అదీ ఇంత చవకగా, మరొకటి లేదు. అందుకే గుడిసె, గడ్డివామి, కట్టెలు, బట్టలు అంటుకున్నప్పుడు నీటికి సాటి లేదు.

ఇప్పుడు వంటింట్లోకి వద్దాం. పొయ్యి మీద బజ్జీల మూకుడు ఉంది. ఎవరో పిలిస్తే అమ్మ వాకిట్లోకి వెళ్లింది. నూనె కాగి కాగి, పొగలు కక్కి, చివరకు భగ్గుమంది. అప్పటికి దాని వేడి 300 డిగ్రీలు దాటి ఉంటుంది. చెయ్యి వెంటనే నీళ్ల చెంబు మీదికి పోతుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

నీరు నూనె కంటే బరువైనది కనుక మూకుడు అడుగుకు దిగుతుంది. అక్కడి వేడికి క్షణంలో ఆవిరైపోతుంది. నీరు ఆవిరైతే దాని ఘనపరిమాణం సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. లెక్క వేయండి: 200 మిల్లీలీటర్ల గ్లాసెడు నీళ్లు 340 లీటర్ల ఆవిరి అవుతాయి! ఆ ఆవిరి పైనున్న నూనెను సన్నని తుంపరలుగా ఎగజిమ్ముతుంది. ప్రతి తుంపరకూ చుట్టూ గాలి దొరుకుతుంది. మూకుడులో ఉన్న మంట కప్పు దాకా లేస్తుంది.

మరేం చేయాలి? వీలైతే పొయ్యి ఆర్పాలి. మూకుడు మీద పెద్ద మూతో, లోహపు పళ్లెమో పక్కనుంచి జరిపి కప్పాలి. గాలి అందక మంట చస్తుంది. మూత వెంటనే తీశారో, నూనె ఇంకా వేడిగానే ఉంటుంది కనుక మళ్లీ అంటుకుంటుంది. పూర్తిగా చల్లారే దాకా ముట్టకూడదు. మండే మూకుడును చేత్తో పట్టుకుని బయటికి పరుగెత్తడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మంట అప్పటికే పెద్దదైతే ఇంట్లో అందరినీ తీసుకుని బయటపడటమే పని. ఇదంతా ఇంట్లో ప్రయోగం చేసి చూసేది కాదు సుమా!

తొట్టెలోని పెట్రోలు సంగతీ ఇలాంటిదే. అది నీటి మీద తేలుతుంది. నీళ్లు పోస్తే మంట నీటి నెక్కి నలువైపులా పారుతుంది. నురుగు మాత్రం దాని మీద దుప్పటిలా పరుచుకుని గాలిని అడ్డుతుంది. కరెంటు మంటకూ నీళ్లు పనికిరావు. ముందు మెయిన్ స్విచ్ కట్టేయాలి.

నీరు పనిచేసే చోట కూడా అది వేడి ఉన్న చోటికి చేరాలి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఈ విషయం ఘోరంగా రుజువైంది. ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో దూది బేళ్లూ, సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలూ ఉన్నాయి. దూదికి నిప్పంటుకుంది. గొట్టాలతో ఎన్ని నీళ్లు కుమ్మరించినా ఓడ గర్భంలో రగులుతున్న నిప్పును ఆర్పలేకపోయారు. సాయంత్రం నాలుగు దాటగానే ఓడ పేలిపోయింది. దాన్ని ఆర్పడానికి వెళ్లి 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వారి జ్ఞాపకంగానే వారోత్సవాలు ఆ తేదీన మొదలవుతాయి.

ఈ సంగతులన్నీ చదివితే పది నిమిషాల్లో తెలుస్తాయి. కాని మంట ఎదుట మనిషి ఆలోచించలేడు, అలవాటైన పనే చేస్తాడు. అందుకే అగ్నిమాపక సిబ్బంది గొట్టం విప్పడం, అతకడం, నిచ్చెన మీంచి మనిషిని దింపడం వంటి పనులు వందలసార్లు సాధన చేస్తారు. బడిలో ప్రదర్శన అప్పుడు మంట ఆర్పే సిలిండరు మీ చేతికిస్తే వెనక్కి తగ్గకండి. పిన్ను లాగి, పిడి నొక్కి, మంట పైకి కాక మంట మొదలు మీదికి గురిపెట్టి చూడండి. పొగ నిండిన గదిలోంచి పాకుతూ బయటికి రావడం కూడా నేర్పమని అడగండి. వేడి పొగ పైకి లేస్తుంది, నేల దగ్గర కాస్త మంచి గాలి మిగులుతుంది.

ఫోను చేయడం కూడా సాధన చేయవలసినదే. 101 గాని, 112 గాని తిప్పి, ముందు ఊరు, వీధి, దగ్గరలోని గుడో బడో గుర్తు చెప్పాలి. లోపల ఎవరైనా చిక్కుకున్నారేమో చెప్పాలి. మండుతున్నది గడ్డివామా, గ్యాసా, నూనె గోదామా అన్నది మరిచిపోకూడదు. దాన్నిబట్టే నీళ్లా, నురుగా అని వారు దారిలోనే సిద్ధపడగలరు. అవతలివారు చాలు అనేదాకా ఫోను పెట్టేయకండి.