పాలకు మందు వాసన ఎందుకు వస్తుంది?

శీతలీకరణ కేంద్రంలో క్యాను మూత తీయగానే మందు వాసన వస్తే ఆ పాలు వెనక్కి పంపవలసిందే. వెన్న శాతం ఎంత బాగున్నా ప్రయోజనం లేదు. నష్టం ఒక్కరిది కాదు, ఆ క్యానులో పాలు పోసిన సభ్యులందరిదీ. శుభ్రత కోసం మనం వాడే ఫినాయిలే ఈ వాసనకు కారణం కావచ్చు. ఎలాగో చూద్దాం.

ఫినాల్ గుణాలు

నల్ల ఫినాయిల్‌లో బొగ్గు తారు నుంచి తీసిన ఫినాల్, క్రెసాల్ జాతి పదార్థాలు ఉంటాయి. ఆరు కార్బన్ల బెంజీన్ వలయానికి ఒక హైడ్రాక్సిల్ చేరితే అది ఫినాల్. దీనినే కార్బాలిక్ ఆమ్లం అంటారు. 1834లో రుంగే దీనిని తారు నుంచి వేరు చేశారు. 1865లో లిస్టర్ గాయాలు చీము పట్టకుండా వాడారు. స్వచ్ఛమైన ఫినాల్ తెల్లని స్ఫటికాలుగా ఉంటుంది. గాలి తగిలితే గులాబి రంగుకు మారుతుంది. చర్మాన్ని కాల్చుతుంది. ఇది బలహీనమైన ఆమ్లం: కాస్టిక్ సోడాతో కలిసి లవణమవుతుంది కాని, వంటసోడాతో పొంగదు. చల్లని నీటిలో కొద్దిగానే కరుగుతుంది, కొవ్వులో సులభంగా చేరుతుంది. కాబట్టి పాలలోని వెన్న దీనిని పట్టి ఉంచుతుంది.

అసలు చిక్కు ఎక్కడ?

హైడ్రాక్సిల్ ప్రభావం వల్ల ఈ వలయం క్లోరిన్, బ్రోమిన్‌లతో తేలికగా కలుస్తుంది. బ్రోమిన్ నీరు పోస్తే వెంటనే తెల్లని అవక్షేపం ఏర్పడడం ప్రయోగశాలలో చూస్తాము. బ్లీచింగ్ పౌడరులోని క్లోరిన్ ఫినాల్‌తో కలిస్తే క్లోరోఫినాల్‌లు పుడతాయి. వీటి రుచి ఫినాల్ కన్నా చాలా ఘాటు. కోటి భాగాల నీటిలో ఒక భాగం ఉన్నా నాలుకకు తెలుస్తుంది. అంటే ఫినాయిల్ తగిలిన క్యానును బ్లీచింగ్ నీటితో కడిగితే వాసన పోకపోగా పెరుగుతుంది.

మేలు చేసే ఫినాల్

ఈ జాతి పదార్థమే డెయిరీలో సాక్షిగా పనిచేస్తుంది. పచ్చిపాలలో ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఉంటుంది. 63 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 30 నిమిషాలు, లేక 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు వేడిచేస్తే నశిస్తుంది. పాలకు పారా నైట్రోఫినైల్ ఫాస్ఫేట్ కలిపి వెచ్చగా ఉంచినప్పుడు, ఎంజైము మిగిలి ఉంటే నైట్రోఫినాల్ విడుదలై పసుపు రంగు వస్తుంది. పాశ్చరీకరణ సరిగా జరగలేదని, లేదా పచ్చిపాలు కలిశాయని దాని అర్థం.

సభ్యులు పాటించవలసినవి

1. ఫినాయిల్‌ను కాలువలకు, కొట్టం నేలకు మాత్రమే వాడండి. పాలు పితికిన తరువాతే చల్లి, నీటితో కడగండి.

2. ఫినాయిల్ డబ్బాను, దానికి వాడిన బకెట్టును, గుడ్డను పాల సామాను దగ్గర ఉంచకండి.

3. క్యాన్లను చల్లని నీటితో తొలిచి, వాషింగ్ సోడా వేసిన వేడినీటితో తోమి, మంచినీటితో కడిగి బోర్లించండి.

4. ఫినాయిల్, బ్లీచింగ్ పౌడరు ఒకేచోట వాడకండి.

5. పాలు పోసే ముందు ప్రతి క్యానునూ వాసన చూడండి. అనుమానం ఉంటే పక్కన పెట్టండి. ఒక క్యాను ఆపితే పోయేది కొద్ది సమయమే. ఆపకపోతే సంఘమంతటి పాలకూ ముప్పు.