జేక్వెరీలో పేరెంట్‌లు లెక్కపెట్టకండి, క్లోజెస్ట్ వాడండి

ఫోన్లను పోల్చి చూపే పేజీ ఒకటి చేస్తున్నామనుకుందాం. ఒక్కో ఫోన్‌కి ఒక కార్డు. అందులో ఫొటో, పేరు, ధర, అడుగున ఒక డివ్‌లో 'తీసెయ్' బటన్. అది నొక్కితే కార్డు మొత్తం పోవాలి.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా రాసేది ఇలా ఉంటుంది: నొక్కిన బటన్‌కి పేరెంట్, దానికి మళ్లీ పేరెంట్, ఆ తర్వాత రిమూవ్. రెండు మెట్లెక్కితే కార్డు, అంతే. పని చేస్తుంది కూడా. తర్వాత ఎవరో డిజైన్ మార్చి బటన్ చుట్టూ ఇంకో డివ్ పెడతారు. ఇప్పుడు రెండు మెట్లెక్కినా కార్డు రాదు, అడుగున ఉన్న డివ్ మాత్రమే మాయమవుతుంది. ఉన్న డివ్ తీసేశారనుకోండి, ఇంకా ఘోరం. ఒక్క నొక్కుతో ఫోన్ల లిస్టే పోతుంది! కన్సోల్‌లో ఒక్క ఎర్రర్ కూడా కనిపించదు.

క్లోజెస్ట్ మెట్లు లెక్కపెట్టదు. 'కార్డ్ అనే క్లాస్ ఉన్నది దొరికేదాకా పైకి వెళ్లు' అని చెప్తాం, మొదటిది దొరకగానే ఆగుతుంది. వెతకడం బటన్ దగ్గరే మొదలవుతుంది, అంటే ఆ క్లాస్ బటన్‌కే ఉంటే బటనే వస్తుంది. 2009లో వచ్చిన 1.3 వెర్షన్ నుంచీ ఇది ఉంది.

కిందికి దిగడానికి ఫైండ్, చిల్డ్రన్ ఉన్నాయి. చిల్డ్రన్ ఒక్క మెట్టే దిగుతుంది, ఫైండ్ అట్టడుగు దాకా వెతుకుతుంది. కార్డు పట్టుకున్నాక ధర మార్చాలంటే నేనైతే ఫైండే వాడతాను, కారణం పైన చెప్పిందే.

మార్చేటప్పుడు టెక్స్ట్ వాడాలా, హెచ్‌టీఎంఎల్ వాడాలా? యూజర్ టైప్ చేసిన రివ్యూని పేజీలో పెడుతుంటే టెక్స్టే వాడండి. హెచ్‌టీఎంఎల్‌తో పెడితే ఆ రివ్యూలో ఎవరైనా దాచిన స్క్రిప్ట్ మీ పేజీ చూసేవాళ్ల బ్రౌజర్‌లో నడుస్తుంది. ఈ ఒక్క విషయంలో బద్ధకం వద్దు.

ఇంకోటి. పేజీ లోడయ్యాక అపెండ్ చేసిన కొత్త కార్డుల్లో బటన్ పలకదు, ఎందుకంటే క్లిక్ హ్యాండ్లర్ అప్పటికి ఉన్న బటన్లకే తగిలింది. హ్యాండ్లర్‌ని లిస్టుకి పెట్టి, ఆన్ మెథడ్‌లో రెండో ఆర్గ్యుమెంట్‌గా బటన్ సెలెక్టర్ ఇవ్వండి. ఇకమీదట వచ్చే కార్డులకీ పని చేస్తుంది.

క్లాస్ పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే క్లోజెస్ట్ ఖాళీ సెట్ ఇస్తుంది, రిమూవ్ ఏమీ చేయకుండా ఊరుకుంటుంది. బటన్ నొక్కినా ఏమీ జరగకపోతే ముందు లెంగ్త్ ప్రింట్ చేసి చూడండి. సున్నా వస్తే తప్పు సెలెక్టర్‌లోనే. జేక్వెరీ లేకుండా రాసినా బ్రౌజర్లలో ఇప్పుడు ఇదే పేరుతో క్లోజెస్ట్ ఉంది. అది మాత్రం దొరక్కపోతే నల్ ఇస్తుంది, దాని మీద రిమూవ్ అనగానే ఎర్రర్ వస్తుంది. నాకైతే ఆ ఎర్రరే నయం.