క్లౌన్ లోచ్‌లు కొనేముందు

సోనారి, జంషెడ్‌పూర్

చి. సాయికి,

రెండడుగుల ట్యాంకు తెచ్చుకున్నావనీ, అందులోకి నాలుగు క్లౌన్ లోచ్‌లు కొనబోతున్నావనీ, వాటికి జబ్బు చేస్తే ఏ మందు వెయ్యాలో చెప్పమనీ రాశావు. మందు సంగతి తర్వాత చెప్తాను. ముందు కొలత సంగతి తేలాలి. ఈ చేప ఆరోగ్యమంతా నీళ్ళ నిలకడ మీద ఉంది. నిలకడ ఎంతుంటుందన్నది చాలామటుకు ట్యాంకు కొన్నరోజే తేలిపోతుంది. ఫోన్లో చెప్తే సగం విని "సరే మావయ్యా" అనేస్తావు, అందుకే ఉత్తరం.

దుకాణంలో నువ్వు చూసింది అయిదు సెంటీమీటర్ల పిల్ల. నారింజరంగు ఒంటి మీద మూడు నల్లపట్టీలు, ఎర్రతోక, అడుగునంతా తడుముకుంటూ తిరిగే మీసాలు. ఎవరికైనా ముచ్చటేస్తుంది. బ్లీకర్ అనే డచ్చి సైనిక వైద్యుడు 1852లో దీన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. సుమత్రా, బోర్నియో దీవుల నదుల్లో పుట్టి 30 సెంటీమీటర్ల దాకా పెరిగే చేప ఇది. ఇళ్ళల్లో కూడా బాగా చూసుకుంటే 20 దాటుతుంది, ఇరవయ్యేళ్ళు బతుకుతుంది. ఇక్కడే లెక్క తప్పుతుంది. అయిదు సెంటీమీటర్లది ఇరవై అయితే నాలుగింతలైందనుకుంటాం. కానీ పొడవు, వెడల్పు, మందం మూడూ నాలుగేసి రెట్లు పెరుగుతాయి. అంటే ఒళ్ళు 64 రెట్లు! తిండీ, నీళ్ళలో కలిసే మలినమూ సరిగ్గా అన్ని రెట్లు కాకపోయినా అదే దారిలో పెరుగుతాయి. నీ రెండడుగుల ట్యాంకులో పట్టేది 57 లీటర్లు. మలినం నుంచి పుట్టే అమ్మోనియాని ఫిల్టరులోని బాక్టీరియా విరుస్తుంది గానీ, నీళ్ళు తక్కువైతే ఒక్కపూట తేడా వచ్చినా చేప మొప్పలకి తగుల్తుంది.

"చేప ట్యాంకుని బట్టి పెరుగుతుంది, చిన్నదాంట్లో చిన్నగానే ఉండిపోతుంది" అని దుకాణదారు చెప్పే ఉంటాడు. అది పూర్తిగా అబద్ధం కాదు. కుండీలో మర్రిచెట్టు కూడా చిన్నగానే ఉంటుంది. కానీ కుండీలో మర్రికి వేళ్ళు కత్తిరిస్తూ కాపలా కాసేవాడొకడు ఉంటాడు. ట్యాంకులో చేపని ఆపేది మురికినీళ్ళూ, చాలని తావూ. పెరుగుదల కుంటుపడటాన్ని సర్దుకుపోవడం అనుకుంటున్నాం, అంతే. ఇంకో వాదన ఉంది: ఇది నెమ్మదిగా పెరుగుతుంది కదా, తర్వాత పెద్దది కొనుక్కోవచ్చని. ఇది కొంత న్యాయమే. మొదటి రెండేళ్ళకి నాలుగడుగుల పొడవూ, ఒకటిన్నర అడుగుల వెడల్పూ ఎత్తూ ఉన్నది, అంటే సుమారు 250 లీటర్లది, సరిపోతుంది. ఆ తర్వాత ఆరడుగులది కావాలి. 6×2×2 అడుగులంటే 680 లీటర్లు, నీళ్ళ బరువే 680 కిలోలు. అద్దెఫ్లాట్లో మూడో అంతస్తులో అది పెట్టగలవా అన్నది ఇవాళే ఆలోచించాలి. నెమ్మదిగా పెరగడమే ఈ చేపతో వచ్చిన చిక్కు. ఇబ్బంది ఒక్కరోజున కనపడదు.

పోనీ నాలుగు మానేసి ఒక్కటే కొంటానంటావా? ఆ దారీ మూసుకుపోయింది. ఇది గుంపు చేప, కనీసం అయిదారుండాలి. ఒంటరిదైతే రాయి వెనకే దాక్కుంటుంది, రంగు వెలిసి బూడిదగా తేలుతుంది, తిండి తగ్గించేస్తుంది. గుంపులో ఉన్నవి ఒకదాని మీద ఒకటి ఎక్కి నిద్రపోతాయి, కొన్నిసార్లు చచ్చినట్టు పక్కకి ఒరిగి పడుకుంటాయి, చూసి కంగారు పడకు. తిండి దగ్గర టక్ టక్‌మని చప్పుడు కూడా చేస్తాయి. నత్తల్ని తింటుందని ఒకదాన్ని తెచ్చి వేసేవాళ్ళున్నారు. నత్తల కోసం ఇరవయ్యేళ్ళ ప్రాణిని తెచ్చుకోవడం ఏం బేరమో నాకర్థం కాదు.

ఇక వేడి. దీనికి 26 నుంచి 30 డిగ్రీలు కావాలి. ఫర్నేసు దగ్గర పనిచేస్తున్నవాడివి, నీకు వేరే చెప్పనక్కర్లేదు: లోపలి ఇటుక వేడికి తట్టుకుంటుంది, వేడి ఒక్కసారిగా ఎక్కి దిగితే పగులుతుంది. చేపా అంతే. మన ఊళ్ళో మే నెలలో నలభై దాటే ఎండ, జనవరి రాత్రుల్లో పది డిగ్రీల చలి. 57 లీటర్ల నీళ్ళు తెల్లవారేసరికి చల్లారిపోతాయి, 250 లీటర్లు అంత తొందరగా చల్లారవు. హీటరుకి కరెంటు బిల్లు అంటావు. 200 వాట్లది రోజులో సగం సేపు వెలిగినా 2.4 యూనిట్లు, అదీ చలికాలం మూడు నెలలే. ఒకే పెద్ద హీటరు బదులు రెండు చిన్నవి పెట్టు. ఒకటి ఆగిపోయినా రెండోది కాస్తుంది, ఒకటి ఆఫ్ అవకుండా ఇరుక్కుపోయినా చేపలు ఉడికిపోవు. ఎండాకాలం మూత తీసి నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది.

కుళాయినీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అది మనకి మేలు, చేప మొప్పలకి కీడు. వారానికోసారి పాతిక శాతం నీళ్ళు మార్చు, కొత్తనీళ్ళలో యాంటీ క్లోరిన్ కలుపు, వేడి సరిచూసి పొయ్యి. చేపలు తేకముందు నెలా నెలన్నర ఫిల్టరు తిరగాలి. ఖాళీ ట్యాంకు చూసి ఎవరైనా నవ్వితే నవ్వనీ.

ఇప్పుడు నువ్వడిగిన మందు. ఈ చేపకి మొదట వచ్చేది తెల్లమచ్చల జబ్బు, ఒంటి మీద సన్నఉప్పు చల్లినట్టుంటుంది. ఆ గింజ ఒక పరాన్నజీవి. చర్మం కింద ఉన్నంతసేపూ ఏ మందూ దాన్ని చేరదు. అది రాలి అడుగున పడి, వందలుగా చీలి, కొత్త చేప కోసం ఈదే దశలోనే చస్తుంది. అందుకే మచ్చలు పోయాయని రెండోరోజున మందు ఆపితే జబ్బు తిరగబెడుతుంది. వేడిని నెమ్మదిగా 30కి తీసుకెళ్తే ఆ చక్రం తొందరగా తిరుగుతుంది. కాకపోతే వేడినీళ్ళలో ప్రాణవాయువు తక్కువ, కాబట్టి గాలిపంపు పెంచాలి. క్లౌన్ లోచ్ పొలుసులు మరీ చిన్నవి, చర్మంలో పూడుకుపోయి ఉంటాయి. రాగి మందూ, మలకైట్ గ్రీనూ సీసా మీద రాసినంత పోస్తే జబ్బుకంటే ముందు చేపే పోతుంది. సగం మోతాదుతో మొదలుపెట్టు. "ముందే కాస్త మందు వేసి ఉంచితే మంచిది కదా" అంటారు కొందరు. ఆ కాస్త కూడా అదే చర్మానికి తగుల్తుంది. ఈ జబ్బు చాలాసార్లు ప్రయాణపు బడలికతో, చలితో అంటుకుంటుంది. కోల్‌కతా నుంచి 250 కిలోమీటర్లు సంచిలో వచ్చిన చేపని జనవరిలో కొనకు, హోలీ వెళ్ళనీ. వలతో పట్టొద్దు, కంటి కింద ముల్లు వలలో చిక్కుకుని చర్మం చీలుతుంది. మగ్గుతో ముంచి తియ్యి.

ఒకమాట చెప్పాలి. దుకాణాల్లోవి చాలామటుకు నదుల్లో పట్టిన పిల్లలే. మన గోదావరి పులస వరదకి ఎదురీదినట్టు, ఇవి వానాకాలంలో ఏటి పైకి పోయి గుడ్లు పెడతాయి. ట్యాంకులో ఆ వరద ఎక్కడిది? పెద్ద ట్యాంకు నీవల్ల కాదనుకుంటే గంగా, బ్రహ్మపుత్రా నదుల రాణీ చేప ఉంది. దీన్ని హామిల్టన్ అనే ఆయన 1822లోనే రాసిపెట్టాడు. పట్టీలు దీనికీ ఉన్నాయి, పదిహేను సెంటీమీటర్లకి మించి పెద్దగా పెరగదు, దీనికీ గుంపు కావాలి. నాలుగడుగుల్లో అయిదారు హాయిగా బతుకుతాయి.

దుకాణానికి ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకు. వచ్చే ఆదివారం టేపు పట్టుకుని మీ ఇంటికొస్తాను. హాలు గోడ పొడవెంతో, దాని కింద దూలం ఎటు పోయిందో చూద్దాం.

ఇట్లు,
మావయ్య