పాఠం 14: ఇంటి వేడిని కొలిచే విద్యార్థులు

14.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఆర్కిటెక్చర్ పరిశోధనశాలలో విద్యార్థులు ఏ పనులు చేస్తారో వివరించగలుగుతారు.
• ఇంటిలోని వేడిని కొలవడానికి వాడే పరికరాలను పేర్కొనగలుగుతారు.
• ఎండ వచ్చే దిక్కుకు, ఇంటి కప్పుకు, కిటికీకి గల సంబంధాన్ని చెప్పగలుగుతారు.
• ఒక కర్ర నీడను కొలిచి, దాని నుండి మీ ఇంటికి పనికివచ్చే విషయం గ్రహించగలుగుతారు.

14.1 పరిచయం

వేసవి మధ్యాహ్నం మీరు ఏదో ఒక ఇంటిలోకి వెళ్లి, "అబ్బ, ఈ ఇల్లు చల్లగా ఉంది" అని అనే ఉంటారు. మరో ఇంటిలో ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆగదు. రెండు ఇళ్లూ ఒకే వీధిలో ఉన్నవే. బయటి ఎండ రెండింటికీ ఒకటే. మరి ఈ తేడా ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నకు ఊహతో కాక కొలతతో జవాబు వెదికే చోటు ఆర్కిటెక్చర్ పరిశోధనశాల.

ఈ పాఠంలో మనం రాయ్‌పూర్ నగరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు రాయ్‌పూర్ దాని రాజధాని అయింది. అక్కడ, దగ్గరలోని భిలాయిలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 1956లో రాయ్‌పూర్‌లో గనుల తవ్వకం, లోహశాస్త్రం నేర్పడానికి ఒక ప్రభుత్వ కళాశాలకు రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేశారు. 1963లో ప్రధాని నెహ్రూ దానిని ప్రారంభించారు. తరువాత ఇంజనీరింగు కళాశాలగా పెరిగిన ఆ సంస్థ 2005లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అయింది. ఇంజనీరింగు శాఖలతోపాటు ఆర్కిటెక్చర్ విభాగం కూడా అందులో ఉంది. ఇటువంటి విభాగాలలో విద్యార్థుల పని ఎలా సాగుతుందో ఇప్పుడు చూద్దాం.

14.2 పరిశోధనశాలలో ఏముంటాయి?

ప్రయోగశాల అనగానే గాజు గొట్టాలు, ఆమ్లాలు గుర్తుకు వస్తాయి. ఆర్కిటెక్చర్ పరిశోధనశాలలో అవి ఉండవు. పెద్ద బల్లలు, అట్టలతో చేసిన ఇళ్ల నమూనాలు, కత్తులు, జిగురు, కంప్యూటర్లు, గోడకు అతికించిన పటాలు కనిపిస్తాయి. వీటితోపాటు కొన్ని కొలత పరికరాలు ఉంటాయి.

(అ) తడి-పొడి ఉష్ణమాపకం: రెండు థర్మామీటర్లను ఒక చట్రంలో బిగిస్తారు. ఒకదాని కొనకు తడిగుడ్డ చుడతారు. చట్రాన్ని గిలక్కాయలా తిప్పి రెండింటినీ చదువుతారు. వాటి తేడాను బట్టి గాలిలో తేమ ఎంతో తెలుస్తుంది.

(ఆ) నల్లగోళపు ఉష్ణమాపకం: నల్లరంగు పూసిన పలుచని రాగి గోళం మధ్యలో థర్మామీటరు ఉంటుంది. మామూలు థర్మామీటరు గాలి వేడిని చెబుతుంది. ఇది చుట్టూ ఉన్న గోడలు, కప్పు వెదజల్లే వేడిని కూడా పట్టి చూపుతుంది.

(ఇ) గాలి వేగాన్ని కొలిచే సాధనం, వెలుతురును కొలిచే లక్స్‌మీటరు.

(ఈ) హీలియోడాన్: ఒక దీపాన్ని సూర్యునిలా అమర్చిన పరికరం. బల్లమీద ఇంటి నమూనాను ఉంచి, దీపాన్ని తగిన కోణానికి తిప్పితే, ఏ నెలలో ఏ వేళకు నీడ ఎక్కడ పడుతుందో కంటికి కనిపిస్తుంది.

ఇవన్నీ ఉన్నా, విద్యార్థి చేతిలో ఎప్పుడూ ఉండేవి టేపు, పెన్సిలు, నోటు పుస్తకమే.

14.3 విద్యార్థుల పని ఎలా సాగుతుంది?

మన దేశంలో ఆర్కిటెక్చర్ పట్టా చదువు అయిదేళ్లు. మొదటి ఏడాది విద్యార్థి ముందుగా నేర్చుకునేది కొలిచి గీయడం. తాను కూర్చున్న గదినే కొలిచి, దాని పటం గీయాలి. పైనుండి చూసినట్లు గీస్తే అది ప్లాను. ఇంటిని కత్తితో నిలువునా కోసినట్లు ఊహించి గీస్తే అది కోత పటం. పాత కట్టడాలను కూడా ఇలాగే కొలిచి గీస్తారు. రాయ్‌పూర్‌కు తూర్పున మహానది ఒడ్డున శిర్‌పూర్ లక్ష్మణ ఆలయం ఉంది. సుమారు 7వ శతాబ్దంలో ఇటుకలతో కట్టిన ఆలయమది. అటువంటి కట్టడంలో ఒక్కొక్క ఇటుక వరుస ఒక పాఠమే.

పరిశోధన పని ఒక్కరు చేసేది కాదు. నలుగురైదుగురు ఒక జట్టుగా ఏర్పడతారు. ఒకరు టేపు పట్టుకుంటే ఒకరు చదువుతారు, మరొకరు రాసుకుంటారు. వేడిని కొలవాలంటే గంటకొకసారి అదేచోట కొలవాలి. రాత్రి కూడా కొలవాలి. అందుచేత వంతులు వేసుకుంటారు. నిద్ర పట్టి ఒకరు ఒక గంట కొలత వదిలేస్తే, ఆ గడిని ఖాళీగా ఉంచాలి. "సుమారుగా ఇంత ఉండి ఉంటుంది" అని అంకె వేయడం తప్పు. ఇది పరిశోధనలో మొదటి నియమం.

కొలిచే తీరు కూడా ముఖ్యం. ఒకే గదిని రెండు జట్లు కొలిచాయనుకోండి. రెండింటి అంకెలూ కలవలేదు. వెతికి చూస్తే, ఒక జట్టు థర్మామీటరును పడమటి గోడకు ఆనించి పెట్టింది. రెండో జట్టు గది మధ్యలో, మనిషి కూర్చున్నప్పుడు ఛాతీ ఉండే ఎత్తున వేలాడదీసింది. మొదటిది గోడ వేడిని చెప్పింది, రెండోది గది వేడిని చెప్పింది. అందుకే అంకె పక్కన ఎక్కడ, ఎప్పుడు, ఎలా కొలిచామన్నది తప్పక రాయాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి - 1
1. నల్లగోళపు ఉష్ణమాపకం మామూలు థర్మామీటరు చెప్పని ఏ విషయం చెబుతుంది?
2. కొలత తప్పిపోయిన గడిలో ఏం రాయాలి?

14.4 ఎండ లెక్క

రాయ్‌పూర్ భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 21 డిగ్రీల 15 నిమిషాల అక్షాంశం మీద ఉంది. ఈ ఒక్క అంకెతో విద్యార్థి చాలా సంగతులు లెక్కించగలడు. చదునైన నేలమీద ఒక మీటరు కర్రను నిటారుగా నాటామనుకోండి. పగటి నడిమి వేళ దాని నీడ ఇలా ఉంటుంది:

• డిసెంబరు 21న: సుమారు 99 సెంటీమీటర్లు, ఉత్తరం వైపు
• మార్చి 21న: సుమారు 39 సెంటీమీటర్లు, ఉత్తరం వైపు
• జూన్ 21న: సుమారు 4 సెంటీమీటర్లు, దక్షిణం వైపు

జూన్‌లో నీడ దాదాపు మాయమవుతుంది. అంటే సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉన్నాడన్నమాట. ఆ వేళ గోడలకంటె కప్పుమీదనే ఎండ ఎక్కువగా పడుతుంది.

ఇప్పుడు దక్షిణం వైపున్న ఒక కిటికీని తీసుకుందాం. దాని ఎత్తు 120 సెంటీమీటర్లు. దానిపైన 60 సెంటీమీటర్ల సన్‌షేడ్ ఉంది. డిసెంబరు మధ్యాహ్నం ఆ సన్‌షేడ్ నీడ కిటికీ పైసగానికి మాత్రమే పడుతుంది. కింది సగం నుండి లోపలికి వెచ్చని ఎండ వస్తుంది. మార్చి 21 నాటికి నీడ 154 సెంటీమీటర్ల వరకు దిగుతుంది. కిటికీ అంతా నీడలో ఉంటుంది. అంటే ఒకే పలక చలికాలంలో ఎండను రానిస్తుంది, ఎండలు ముదిరేటప్పుడు ఆపుతుంది.

పడమటి కిటికీకి ఈ ఉపాయం పనిచేయదు. సాయంత్రం సూర్యుడు కిందికి దిగి, సన్‌షేడ్ కిందనుండి తిన్నగా లోపలికి వస్తాడు. అక్కడ చెట్టు, తడక, వసారా వంటి నిలువు అడ్డు కావాలి.

14.5 ఒక గృహిణి అడిగిన ప్రశ్న

ఇక ఒక సన్నివేశం ఊహించుకుందాం. రాయ్‌పూర్‌లో ఒక విద్యార్థుల జట్టు ఒక తెలుగు కుటుంబం ఇంటికి వెళ్లింది. ఆ ఇల్లు ఒకప్పుడు మట్టిగోడల పెంకుటిల్లు. ఇప్పుడు స్లాబు వేశారు. పిల్లలు టేపు సాగదీస్తుంటే ఇంటావిడ అడిగింది:

"బాబూ, పెంకులున్నప్పుడు మధ్యాహ్నం కాస్త కునుకు పట్టేది. ఇప్పుడు రాత్రి పది దాటినా పైనుండి సెగే. మీరు కొలుచుకుని పోతే మాకేమొస్తుంది?"

"అయితే అమ్మా, మళ్లీ పెంకులు వేయించుకుంటే సరిపోతుంది కదా?" అన్నాడు ఒక విద్యార్థి.

"ఏటా వానలకు ముందు పెంకులు తిప్పించాలి. కోతులు తొక్కితే పగులుతాయి, వానొస్తే గిన్నెలు పెట్టుకోవాలి. అది పడలేకనే కదా, అప్పు చేసి స్లాబు వేశాం!"

ఈ మాటలో ఎంతో విషయం ఉంది. పెంకుటిల్లు చల్లన అన్నది నిజం. పెంకుల సందుల నుండి వేడిగాలి పైకి పోతుంది. మందపు మట్టిగోడ వేడిని నెమ్మదిగా లోనికి పంపుతుంది. కాని దానికి ఏటా చాకిరి ఉంది. ఆ చాకిరి ఎవరిమీద పడుతుందో ఆమెకు తెలుసు, విద్యార్థికి తెలియదు. ఇంటి వేడి థర్మామీటరుకు తెలుస్తుంది. ఇంటి కష్టం మాత్రం ఇంట్లోవాళ్లను అడిగితేనే తెలుస్తుంది. కాబట్టి మంచి పరిశోధకుడు రెండింటినీ రాసుకుంటాడు.

మరి స్లాబు రాత్రి ఎందుకు సెగ చిమ్ముతుంది? నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండకు కాగుతుంది. ఆ వేడి కొన్ని గంటల తరువాత అడుగు భాగానికి చేరుతుంది. అక్కడి నుండి కిందనున్న మనుషుల మీదికి ప్రసరిస్తుంది. ఫ్యాను గాలిని కదుపుతుంది గాని స్లాబును చల్లార్చలేదు. నల్లగోళపు ఉష్ణమాపకం అవసరం ఇక్కడే తెలుస్తుంది.

కనుక వైద్యం కప్పుకే జరగాలి. స్లాబుపైన తెల్లని సున్నం పూత వేస్తే ఎండలో చాలా భాగం తిరిగి ఆకాశంలోకి పోతుంది. తెల్లని పింగాణీ పెంకు ముక్కలు పరిస్తే ఎక్కువ కాలం మన్నుతుంది. పందిరి వేసి ఆనపతీగ పాకించినా స్లాబుకు నీడ దొరుకుతుంది. గోడలో కప్పుకు దగ్గరగా వెంటిలేటరు ఉంటే పైకి చేరిన వేడిగాలి బయటికి పోతుంది. ఇవి కొత్త ఊహలు కావు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇటువంటి చల్లని కప్పుల కోసం ఒక విధానాన్నే ప్రకటించింది.

"మాకేమొస్తుంది?" అన్న ప్రశ్నకు జవాబు అప్పుడు పూర్తవుతుంది: జట్టు సున్నం వేయించి, మళ్లీ అదేచోట, అదేవేళ, అటువంటి ఎండరోజునే కొలిచి, వచ్చిన తేడాను ఆ ఇంటావిడకు ఆమెకు తెలిసిన మాటల్లో చెప్పినప్పుడు. తేడా తక్కువగా ఉంటే ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి.

14.6 సమీక్ష రోజు

పని ముగిశాక విద్యార్థులు పటాలను గోడకు తగిలించి, అధ్యాపకుల ముందు నిలబడి వివరిస్తారు. దీనిని జ్యూరీ అంటారు. ముందురోజు రాత్రి పరిశోధనశాలలో ఎవరికీ సరిగా నిద్ర ఉండదు. ఒకరు నమూనాకు జిగురు అంటిస్తుంటే, ఒకరు అంకెలు సరిచూస్తుంటారు, ఒకరు టీ తెస్తారు. జ్యూరీలో ఎన్నాళ్ల పనికో అయిదు నిమిషాల్లో తప్పు పట్టవచ్చు. అది అవమానం కాదు. కాగితం మీది తప్పును రబ్బరుతో చెరపవచ్చు. అదే తప్పు స్లాబుగా మారితే ఒక కుటుంబం ముప్పై వేసవులు భరించాలి.

14.7 ఈ చదువుకు దారి

పట్టా చదువులో చేరాలంటే ఇంటర్ స్థాయిలో గణితం, భౌతికశాస్త్రం చదివి, ప్రవేశ పరీక్ష రాయాలి. 1972 నాటి చట్టం ప్రకారం ఆర్కిటెక్చర్ మండలిలో నమోదైనవారే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోగలరు. మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే ఇంటర్‌లో విషయాలు ఎంచుకునే ముందే ఆ ఏటి నిబంధనలు చదవండి. మేస్త్రీ పనిలో, కూలిపనిలో ఉన్నవారు ఒక సంగతి మరవవద్దు. గోడ ఎప్పుడు కాగుతుందో, ఏ గదిలోకి గాలి వస్తుందో మీకు అనుభవంతో తెలుసు. ఆ తెలిసిన దానికి టేపు, గడియారం, నోటు పుస్తకం తోడైతే అది పరిశోధన అవుతుంది.

14.8 సారాంశం

ఆర్కిటెక్చర్ పరిశోధనశాలలో విద్యార్థులు కొలవడం, గీయడం, నమూనాలు చేయడం, ఇళ్లకు వెళ్లి మనుషులతో మాట్లాడటం నేర్చుకుంటారు. వేసవి మధ్యాహ్నం కప్పుమీద ఎండ ఎక్కువగా పడుతుంది కాబట్టి మొదట కప్పును కాపాడుకోవాలి. కొలతలో నిజాయితీ ఉండాలి. కొలత ఫలితం ఆ ఇంటివారికి చేరాలి.

14.9 భాషాంశం

కింది మాటలను గమనించండి:
కొలుచు - కొలత. గీయు - గీత. కోయు - కోత. పూయు - పూత. నేయు - నేత
క్రియకు 'త' చేరి పనిని గాని, దాని ఫలితాన్ని గాని తెలిపే నామవాచకం ఏర్పడింది. "సున్నం పూశారు" అన్నప్పుడు క్రియ. "సున్నం పూత" అన్నప్పుడు నామవాచకం.

మీ ప్రగతిని తెలుసుకోండి - 2
1. రాయ్‌పూర్‌లో జూన్ 21 మధ్యాహ్నం కర్ర నీడ ఏ వైపు పడుతుంది?
2. పడమటి కిటికీకి సన్‌షేడ్ ఎందుకు చాలదు?
3. వీటికి నామవాచక రూపాలు రాయండి: రాయు, మోయు, మేయు.

14.10 కృత్యం

ఆరుబయట ఒక మీటరు కర్రను నిటారుగా నాటండి. పదకొండున్నర నుండి పన్నెండున్నర వరకు అయిదు నిమిషాలకొకసారి నీడ కొన దగ్గర గుర్తు పెట్టండి. అన్నిటికంటె పొట్టి నీడను కొలిచి, తేదీ వేసి రాసుకోండి. నెలకొకసారి ఇలా చేయండి. హైదరాబాద్‌లో డిసెంబరు 21న అది సుమారు 86 సెంటీమీటర్లు ఉంటుంది. మీ ఊరిలో ఎంత?

14.11 పాఠాంత ప్రశ్నలు

1. పెంకుటింటి సుఖాలను, కష్టాలను పోల్చి పది వాక్యాలలో రాయండి.
2. "మాకేమొస్తుంది?" అన్న ప్రశ్న విద్యార్థులకు ఏం నేర్పింది?
3. మీ ఇంటిలో అన్నిటికంటె వేడిగా ఉండే గది ఏది? కారణం ఏమిటో ఊహించి, ఎలా పరీక్షిస్తారో రాయండి.

జవాబులు
ప్రగతి - 1: 1. చుట్టూ ఉన్న గోడలు, కప్పు వెదజల్లే వేడి. 2. ఏమీ రాయకూడదు, ఖాళీగా ఉంచాలి.
ప్రగతి - 2: 1. దక్షిణం వైపు. 2. సాయంత్రం సూర్యుడు కిందికి దిగి ఉంటాడు కనుక. 3. రాత, మోత, మేత.