అవ్వతాతలకు తొలి వకీలు మనమే

మన హాస్టల్లో చదివేవాళ్ళలో చాలామందిమి అవ్వతాతల దగ్గర పెరిగినవాళ్ళం. అమ్మానాన్నలు బొంబాయికో, పూణేకో పనికి పోతే మనకు ఇంత బువ్వ పెట్టి బడికి పంపింది వాళ్ళే. అట్లాంటి పెద్దలకు కష్టం వస్తే చట్టం ఏమంటుందో, వాళ్ళ తరఫున నిలబడే వకీలు ఏం చేస్తాడో ఈ వార్షికోత్సవ సంచికలో తెలుసుకొందాం.

వృద్ధుల వకీలు

అమెరికాలో ముసలివాళ్ళ ఆస్తి, వైద్యం, పోషణ వ్యవహారాలే వృత్తిగా చేపట్టిన న్యాయవాదులు ఉన్నారు. వారి జాతీయ సంఘం 1987లో ఏర్పడింది. మన దగ్గర మామూలు సివిల్ వకీళ్ళే ఈ కేసులూ చూస్తారు. కేంద్ర న్యాయశాఖ మంత్రిగా పనిచేసిన సీనియర్ న్యాయవాది డాక్టర్ అశ్వనీ కుమార్ వృద్ధుల హక్కుల కోసం తానే పిటిషనర్‌గా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. గౌరవంగా బతకడం, తలదాచుకొనే చోటు, ఆరోగ్యం వృద్ధుల హక్కులేనని, వాటిని కాపాడాలని 2018 డిసెంబరు 13న కోర్టు తీర్పు చెప్పింది. జిల్లాలవారీగా వృద్ధాశ్రమాల వివరాలు సేకరించమని కేంద్రాన్ని ఆదేశించింది.

2007 చట్టంలో ఏముంది?

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ముఖ్యాంశాలు ఇవి:

1. 60 ఏళ్ళు నిండినవారు వయోవృద్ధులు. తల్లిదండ్రులకైతే ఆ వయసు నిబంధన లేదు.
2. తమను తాము పోషించుకోలేనివారు కొడుకులు, కూతుళ్ళు, మేజర్లైన మనుమలు, మనుమరాళ్ళ నుంచి పోషణ కోరవచ్చు. సంతానం లేకుంటే ఆస్తి అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువును అడగవచ్చు.
3. దరఖాస్తు ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. దానికి ఆర్డీఓ స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షుడు. ఆర్డీఓ కార్యాలయం మన కల్వకుర్తిలోనే ఉంది.
4. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. తప్పనిసరైతే మరో 30 రోజులు పొడిగించవచ్చు.
5. నెలకు 10,000 రూపాయలకు మించకుండా పోషణ ఇప్పిస్తారు. తీర్పు నచ్చకుంటే వృద్ధులు 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.
6. చూసుకోవలసినవాళ్ళే వృద్ధులను వదిలేస్తే 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఒక్క వాక్యం విలువ

అన్నిటికన్నా మనం బాగా గుర్తుపెట్టుకోవలసింది 23వ సెక్షన్. ఈ చట్టం వచ్చాక, తమను చూసుకోవాలనే షరతుతో పెద్దలు ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్ళు చూసుకోకపోతే ఆ దస్తావేజును ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు.

రెండు తీర్పులు చూద్దాం. ఒక తల్లి కూతుళ్ళకు ఆస్తి హక్కు వదులుతూ కాగితం రాసింది. అందులో షరతు లేదు, షరతు ఉన్నట్టు రుజువూ లేదు. 2022 డిసెంబరు 6న సుప్రీంకోర్టు ఆమెకు 23వ సెక్షన్ వర్తించదన్నది. మధ్యప్రదేశ్‌లో మరో తల్లి కొడుకుకు ఆస్తి గిఫ్టుగా ఇచ్చింది. కడదాకా చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితం ఆమె దగ్గర ఉన్నది. 2025 జనవరి 2న అదే కోర్టు గిఫ్టు రద్దుచేసి, ఆస్తి ఆమెకు అప్పగించమన్నది. ఇద్దరూ తల్లులే. తేడా కాగితం మీది మాటలోనే ఉంది.

మన అవ్వకు చదువు రాదనుకొందాం. రిజిస్ట్రేషన్ నాడు వేలిముద్ర వేయమంటారు. ఆ కాగితంలో "కడవరకు తిండి, బట్ట, మందులు చూసుకోవాలి, లేకుంటే ఆస్తి తిరిగి ఇవ్వాలి" అనే వాక్యం ఉందో లేదో ఎవరు చదివి చెప్పాలి? ఇంట్లో చదువుకున్నవాళ్ళం మనమే కదా!

వకీలు ఎక్కడ?

ఖర్చు లేకుండా త్వరగా తేలాలని, ట్రిబ్యునల్‌లో ఎవరి తరఫునా వకీళ్ళు వాదించరాదని 17వ సెక్షన్ పెట్టారు. ఇది న్యాయవాదుల చట్టానికి విరుద్ధమని 2021లో కేరళ హైకోర్టు తీర్పునిచ్చింది. పెద్దలు కోరితే వారి తరఫున నిలబడే పోషణాధికారిగా జిల్లా సాంఘిక సంక్షేమాధికారిని గానీ, ఆ హోదాకు తగ్గని మరొకరిని గానీ నియమించాలని 18వ సెక్షన్ చెబుతుంది. మన హాస్టళ్ళను చూసే శాఖ అధికారి పేరే అక్కడ ఉండటం మనకు సంతోషమే.

మంచి వకీలు అవ్వను కొడుకుల ముందు కాదు, ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతాడు. కాగితం ఆమె భాషలో చదివి వినిపిస్తాడు. తొందరపెట్టడు. ఈ ఓపికే ఆ వృత్తికి పెట్టుబడి.

మనం కావాలంటే

ఇంటర్ తర్వాత లాసెట్ రాస్తే 5 ఏళ్ళ కోర్సు, డిగ్రీ తర్వాతైతే 3 ఏళ్ళ కోర్సు. బార్ కౌన్సిల్ నమోదుకు చట్టప్రకారం ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలే రుసుము. అంతకుమించి వసూలు చేయరాదని 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! అందరం వకీళ్ళం కాలేకపోవచ్చు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు పెట్టెలోని కాగితాలు అవ్వకు, తాతకు చదివి వినిపిద్దాం. వృద్ధుల సహాయానికి 14567, ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబర్లు గోడమీద రాసిపెడదాం. మనకు అక్షరం నేర్పించినవాళ్ళకు ఆ అక్షరంతోనే అండగా నిలుద్దాం.